రాగి బిందె నీళ్లు

మా బాబు మూడో ఏట వాంతులు, విరేచనాలతో పోయాడు. ఎనభైల మొదట్లో మాట. మేముండే శాలిబండలో ఆ వానాకాలం నల్లా నీళ్లలో మురికి కలిసింది. నా భార్య వాటిని కాగబెట్టకుండా తాగించిందని నా మనసులో ఉండేది. పైకి అనలేదు. ఆ రోజుల్లో నేను చేసిన మంచి పని అదొక్కటే.

తర్వాత ఆమె మాటలు తగ్గించేసింది. రాగిలో నిలవుంచితే నీళ్లలోని చెడంతా చస్తుందని ఎవరో చెప్పారట. రాగి బిందెను రోజూ చింతపండుతో తళతళా తోమి, తాగే నీళ్లన్నీ అందులోనే పోసేది.

నేను ఓ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అసిస్టెంటుని. ఆమె ముఖం చూడలేక, ఓసారి మద్రాసు వెళ్లి రెండు సముద్రపు చేపల్ని, అవి దాక్కునే పువ్వులాంటి జీవిని, నాలుగు క్యాన్ల సముద్రపు నీళ్లను రైల్లో మోసుకొచ్చాను. దారంతా నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూశారు. చూడనీ. నారింజ రంగు చేపలు, తెల్లటి పట్టీలు. వాటి ముందు కూర్చుని, బాబు పోయాక మొదటిసారి ఆమె నవ్వింది.

ఆ నవ్వు కోసం వాటిని వదిలిన గాజు తొట్టిని కంటికి రెప్పలా చూసుకున్నాను. ల్యాబ్ సీసాలు తెచ్చి ఉప్పు కొలిచేవాణ్ని, చేపల మలంతో నీళ్లలో చేరే అమ్మోనియా చూసేవాణ్ని. నీళ్లు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది కాబట్టి, తగ్గినంత మేర ఉప్పులేని శుద్ధమైన నీళ్లే పోయాలి. అందుకని డిస్టిల్డ్ వాటర్ తెచ్చిపెట్టి, రోజూ పోసే పని ఆమెకు అప్పగించాను.

నాలుగు నెలలకు పువ్వు ముడుచుకుపోయి కుళ్లింది. రెండ్రోజుల్లో చేపలు తేలాయి. తొట్టి నీళ్లను ల్యాబ్‌లో మరిగించి, బాగా ఇగరనిచ్చి, రాగిని పట్టిచ్చే మందు చుక్క వేస్తే ఇటుక రంగుకు తిరిగాయి. రాగి ఉందన్నమాట.

ఇంటికొచ్చి ఏ నీళ్లు పోశావని అడిగాను.

"నువ్వు తెచ్చినయి రబ్బరు వాసనొచ్చినయి. మనం తాగే బిందెల నీళ్లే పోసిన. గవి మంచియే గదా?"

మనకు మంచివే, వాటికి విషం అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కోపమొస్తే నా నోటికి హద్దూ అదుపూ ఉండదు.

"గప్పుడు పిల్లగాడు, గిప్పుడు ఇవి. రెండుసార్లు నీ చేతి నీళ్లే."

ఆమె ఏడవలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, "గిన్ని రోజుల సంది గిదే అనుకుంటున్నవా?" అని మాత్రం అడిగింది.

ఆ రోజు నుంచి ఆమె ఎవరికీ మంచినీళ్లు ఇవ్వలేదు. చుట్టాలొస్తే నేనే లేచి ముంచి తెచ్చేవాణ్ని. పెళ్లాం చెప్పుచేతల్లో ఉన్నానని వాళ్లు నవ్వేవారు. రెండేళ్లకు పాప పుట్టింది. పాలిచ్చింది, అన్నం తినిపించింది, జోకొట్టింది. ముద్ద గొంతుకు అడ్డంపడి పాప దగ్గుతుంటే మాత్రం, గ్లాసు చేతికందేంత దూరంలో ఉన్నా, నన్నే పిలిచేది.