రొట్టెలే అన్నాడు, నేనే అనలేదు

పోయిన సోమవారం పొద్దున మా ఇంగ్లీషు సారు పోయారు. నేను వాకిట్లో కూర్చుని మగ్గానికి కండెల మీద నూలు చుడుతున్నాను. ఎదురింటి తలుపు తెరుచుకుంది. సారు భార్య అరుగు మీదికి వచ్చి, ఎవరినీ పిలవకుండా మా ఇంటి వైపే చూస్తూ నిలబడింది. ఆ చూపుతోనే నాకు తెలిసిపోయింది. నెల రోజులుగా ఆయనకు జ్వరం వస్తూ పోతూ ఉంది. దవాఖానకు పోదామంటే "అక్కడ సూదులేస్తరు బిడ్డా, నాకు భయం" అన్నారు. నిజంగానే భయం. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని పత్రికవాళ్లు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది కూడా ఆ భయమే.

పేర్లు రాయను. ఆయన పేరు గానీ, మా అన్న పేరు గానీ రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి వెనకాడుతోంది. రోజులు ఇంకా అట్లాగే ఉన్నాయి. వరంగల్లులో హైస్కూలు చదివినవాళ్లు మీలో చాలామంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. సారు అంటే ఎవరో మీకు తెలుస్తుంది.

ఆయనకు కుక్కంటే భయం. ఉరుమంటే భయం. పోస్టు వస్తే కార్డు తాను చదవకుండా భార్య చేతిలో పెట్టి, "నువ్వు చూసి చెప్పు, ఎవరన్న పోయిండ్రా?" అని అడిగేవారు. ఆమెకు చదువు నేర్పింది ఆయనే. సందులో ఖాకీ చొక్కా కనిపిస్తే గోడకు అంటుకుని నిలబడేవారు, అది తపాలా బంట్రోతుదైనా సరే. ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పి ఒక్క పిల్లవాణ్నీ కొట్టలేదట. ఎందుకని అడిగితే "కర్ర పట్టుకుంటే నా చెయ్యే వణుకుతది" అన్నారు.

మాది సాలెల వాడ. నాన్న పోయాక మగ్గం అన్న చేతికి వచ్చింది. ఇంట్లో అన్న, నేను, మా అమ్మ; ఆమెను మేం అవ్వ అంటాం. అన్నకు అక్షరం ముక్క రాదు. నాకు మాత్రం చదువు మీద మోజు. సారు పింఛను తీసుకుని ఇంట్లో కూర్చున్నాక, సాయంత్రాలు ఆయన అరుగు మీద పలక పట్టుకుని కూర్చునేదాన్ని. వాడలో నవ్వారు. సారు నవ్వలేదు.

ఒకనాడు పలక మీద ఒక వాక్యం రాశారు: ఐ గేవ్ హిమ్ బ్రెడ్. నేను అతనికి రొట్టె ఇచ్చాను. పక్కన ఒక కాగితం ముక్క మీద ‘ఓన్లీ’ అని రాసి నా చేతికిచ్చి, "దీన్ని ఎక్కడ పెడతవో పెట్టు" అన్నారు. నేను ముందర పెట్టాను. "ఇప్పుడు ఇచ్చింది నువ్వొక్కదానివే. ఇంకెవ్వరు ఇయ్యలే" అన్నారు. ఆ ముక్కను తీసి ‘హిమ్’ ముందు పెట్టారు. "ఇప్పుడు అతనికే ఇచ్చినవ్, ఇంకెవ్వరికి ఇయ్యలే." మళ్లీ జరిపి ‘బ్రెడ్’ ముందు పెట్టారు. "ఇప్పుడు రొట్టె మాత్రమే ఇచ్చినవ్. కూర ఇయ్యలే, నీళ్లియ్యలే."

"గింత చిన్న మాటకు ఇంత కథనా సారూ?" అన్నాను.

"మన తెలుగుల లేదా బిడ్డా? నేనే, అతనికే, రొట్టెనే. ఆ చివర ‘ఏ’ ఎక్కడ అంటిస్తే బరువు అక్కడ పడతది. ఇంగ్లీషోళ్లకు గా పని ‘ఓన్లీ’ చేస్తది. పెద్ద మాటలకు భయపడకు, అవి డిక్షనరీల దొరుకుతయి. చిన్న మాటల దగ్గరనే జర చూసుకోవాలె."

అన్నిటికీ భయపడే మనిషి పెద్ద మాటలకు భయపడకు అనడం ఆ రోజు నాకు నవ్వు తెప్పించింది.

నలభై ఎనిమిదిలో పాత సర్కారు పోయి మిలిటరీ వచ్చింది. తర్వాతి ఎండాకాలంలో అన్న తువ్వాళ్ల మూట భుజాన వేసుకుని ములుగు వైపు పల్లెలకు అమ్మకానికి పోయాడు. దారిలో వాగు పక్కన కూర్చుని తింటుంటే మిలిటరీ వెతుకుతున్నవాళ్లు నలుగురు తుపాకులు పట్టుకుని వచ్చారట. ఆకలిగా ఉందన్నారట. ఉన్న జొన్నరొట్టెలు వాళ్ల చేతిలో పెట్టాడు. వాళ్లు తిని అడవిలోకి వెళ్లిపోయారు. అక్కడితో ఊరుకుంటే ఏమీ అయ్యేది కాదు. బస్సు కోసం కూర్చున్నచోట పక్కవాడితో ఆ సంగతి చెప్పాడు. మా అన్నకు మాట దాచుకోవడం రాదు. బస్సు రాకముందే మిలిటరీ జీపు వచ్చింది.

అతన్ని ఖిలా వరంగల్ దాటాక ఒక పాత బంగళాలో పెట్టారని మూడో రోజుకు తెలిసింది. అంతకు ముందు నెలలో పక్క వాడ నుంచి ఇట్లాగే ఒకతన్ని తీసుకుపోయారు. ఏ కబురూ లేదు. వాళ్లింట్లో పూటపూటా ఒక గిన్నెలో అన్నం తీసి పక్కన పెడుతున్నారు. అవ్వ, నేను సద్ది కట్టుకుని ఆ బంగళాకు పోతున్నప్పుడు మా ఇద్దరి మనసులోనూ ఆ గిన్నే ఉంది.

అక్కడ తెలుగు వచ్చిన గుమస్తా ఒకతను ఉన్నాడు. "మీవోడు ఒప్పుకున్నడు. అడివిలోళ్లకు తిండి పెట్టింది తనొక్కడేనట. ఎల్లుండి కాగితం పై ఆఫీసుకు పోతది" అన్నాడు.

"మావోడు గట్లనడు అయ్యా" అంది అవ్వ.

కాగితం ఒకసారి చూస్తానన్నాను. అతను నవ్వి నా వైపు తిప్పాడు. నీలి సిరాతో గుండ్రటి అక్షరాలు. ఓన్లీ ఐ గేవ్ దెమ్ బ్రెడ్. ఆ ఒక్క మాట ముందరికి జరిగేసరికి, అడవిలోళ్లను పోషించే మనిషి అన్న ఒక్కడే అయిపోయాడు. వెనక్కి తిరిగి, కిటికీ ఊచల వెనక కూర్చున్న అన్నను చూసి గట్టిగా అడిగాను, "అన్నా, ఏం చెప్పినవ్ వీళ్లకు?"

"రొట్టెలే ఇచ్చిన అని చెప్పిన చెల్లె. ఇంకేం చెయ్యలేదని గూడ చెప్పిన. గంతే." అతని పెదవి చిట్లి ఉంది.

అవ్వ చెయ్యి పట్టుకుని గబగబా నడిచి, నేరుగా సారు అరుగు మీదికి వచ్చి పడ్డాను. జరిగింది చెప్పాను. ఆయన లేచి గడప దాకా వెనక్కి జరిగారు.

"మీరొచ్చి ఆఫీసరుకు చెప్పాలె సారూ. ఆయనకు తెలుగు రాదట, ఇంగ్లీషే వచ్చట."

"నాతోని కాదు బిడ్డా."

"మీరు తప్ప ఎవరున్నరు సారూ?"

"నాతోని కాదు. వాళ్లకు కోపమొస్తే? నన్ను గూడ అండ్లనే కూసోబెడితే? ముసలోన్ని, నాకు భయమైతది." తలుపు వేసుకున్నారు. లోపల గొళ్లెం పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకు నాకు కోపం వచ్చింది. ఆ రోజు ఆయన్ని మనసులో తిట్టుకున్న మాటలు ఇక్కడ రాయలేను.

మరునాడు పొద్దున్నే మా గుమ్మంలో సారు. నల్లకోటు, తలకు రుమాలు. బడి వదిలాక ఆ కోటు వేసుకోగా నేను చూడలేదు. అవ్వ లేచి, "ధైర్యం చేసి వచ్చిండ్రు సారూ" అని ఆయన కాళ్లకు వంగబోయింది.

"ధైర్యం ఎక్కడిదమ్మా? భయం తగ్గుతదేమోనని చూసిన. తగ్గలే. ఇగ ఆలస్యమైతదని వచ్చిన" అన్నారు.

దారి పొడుగునా ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. మధ్యలో రెండుసార్లు ఆగి రోడ్డు పక్కన కూర్చున్నారు. "నాకు మాట పెగలకపోతే నువ్వు చెప్పు బిడ్డా" అన్నారు.

"నాకు ఇంగ్లీషు మాట్లాడరాదు సారూ."

"నేను మాత్రం ఎన్నడు మాట్లాడిన? ముప్పై ఏండ్లు పిల్లలతోనే మాట్లాడిన. దొరలతోని ఎన్నడు పని పడలే."

బంగళాలో మమ్మల్ని చాలాసేపు ఎండలో నిలబెట్టారు. లోపలికి పిలిచాక ఆఫీసరు తల ఎత్తకుండానే ఏం కావాలన్నాడు. సారు నోరు తెరిచారు, మాట రాలేదు. మళ్లీ తెరిచారు. ఈసారి సన్నగా, బడిలో పాఠం చెప్పినట్టుగా, నాకు కూడా అందేంత నిదానంగా ఇంగ్లీషు వచ్చింది. ఒక మాట చోటు మారిందని, అది ఎవరి తప్పూ కాదని, తెలుగును ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అందరూ పొరపడే చోటేనని చెప్పారు. కాగితం అడిగి తీసుకుని, నాకు పలక మీద రాసిన వాక్యాన్నే మూడుసార్లు రాసి, మూడు చోట్ల ‘ఓన్లీ’ పెట్టి చూపించారు. ఆఫీసరు ఇప్పుడు తల ఎత్తాడు. అతన్ని పిలవండి అన్నాడు.

అన్నను తెచ్చారు. గుమస్తా అడిగాడు, "చెప్పు, వాళ్లకు రొట్టెలు ఎవరిచ్చిండ్రు?"

"నేనే ఇచ్చిన" అన్నాడు అన్న.

గుమస్తా ఆఫీసరు వైపు తిరిగి ఇంగ్లీషులో గబగబా ఏదో అన్నాడు. ‘ఓన్లీ’ మాత్రం నాకు వినపడింది. ఆఫీసరు సారు రాసిన కాగితాన్ని పక్కకు నెట్టాడు. అన్నకు ఏమీ అర్థం కాక మా ముఖాలు చూస్తున్నాడు. ఎవరిచ్చారని అడిగితే మనలో ఎవరైనా ఏమంటారు? నేనే అనే కదా అంటారు.

సారు బల్ల అంచు పట్టుకున్నారు. పడిపోతారేమోనని నేను ముందుకు జరిగాను. ఆయన గొంతు పెంచారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ప్రశ్న మారిస్తే జవాబు మారుతుంది, సర్. ఎవరని అడిగితే మా భాషలో ఎవరైనా అట్లాగే జవాబు చెబుతారు. మిమ్మల్ని అడిగినా ‘నేనే’ అనే అంటారు. ఏమిచ్చావని అడగనివ్వండి. ఒక్కసారి."

ఆఫీసరు చేత్తో కానివ్వమన్నాడు.

సారు అన్న వైపు తిరిగారు. "బిడ్డా, జర నిమ్మళంగ చెప్పు. వాళ్లకు ఏమిచ్చినవ్?"

"రొట్టెలే సారూ. మూడు రొట్టెలుండె, అయే ఇచ్చిన. మూటల తువ్వాళ్లడిగితే గూడ ఇయ్యలే. అవ్వ కొడతదని ఇయ్యలే."

సారు ఆ మాటల్ని ఒక్కొక్కటిగా ఇంగ్లీషులో చెప్పారు. అవ్వ కొడుతుందన్న మాట దగ్గర ఆఫీసరు పెదవి కొంచెం కదిలింది. కాగితం ముందుకు లాక్కుని, "దీని అర్థం ఇదేనని మీరు సంతకం చేస్తారా? రేపు ఇది అబద్ధమని తేలితే మిమ్మల్నే పిలుస్తాను" అని ఒక్కో మాట ఒత్తి అన్నాడు.

సారు సంతకం చేశారు. అది గీతలుగా పడింది, అక్షరం పోలిక లేదు. ఆఫీసరు మళ్లీ చేయమన్నాడు. ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని రెండోసారి చేశారు.

జీపు వచ్చిన పదకొండో రోజున అన్న ఇంటికి వచ్చాడు. ఒక చెవి సరిగా వినపడదు ఇప్పుడు. పక్క వాడ అతని కబురు ఈనాటికీ తెలియదు.

సారు మాత్రం ఆ సంతకం నుంచి బయటపడలేదు. రెండు జతల బట్టలు, చెంబు, దుప్పటి ఒక సంచిలో సర్ది తలుపు పక్కన పెట్టుకున్నారు. "పిలుస్తనన్నడు కద" అనేవారు. జీపు చప్పుడైతే కోటు కోసం లేచేవారు. "ఇంక రారు సారూ, ఫికర్ చెయ్యకుండ్రి" అంటే తల ఊపేవారు, సంచి మాత్రం తీసేవారు కాదు. ఎవరూ రాలేదు. వానలు వచ్చాయి, జ్వరం వచ్చింది.

ఒకసారి ఆయన్ని అడిగాను, ఆ రోజు తలుపు వేసుకున్నవారు మళ్లీ ఎందుకు వచ్చారని. "తప్పు చూసినంక దిద్దకుంట కూసోవస్తలేదు బిడ్డా. ముప్పై ఏండ్ల అలవాటు" అన్నారు. ఇంతకు మించి ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

సోమవారం ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. మీద కప్పడానికి బజారు నుంచి కొత్త గుడ్డ తేవడానికి ఎవరో బయలుదేరుతున్నారు. అన్న ఆగమన్నాడు. మా ఇంట్లోకి పోయి మగ్గం ముందు నిలబడ్డాడు. దాని మీద సగం నేసిన పంచె ఉంది. సగం నేతను కోయడం మా ఇళ్లలో ఎవరూ చేయరు. అవ్వ చూసి, కత్తి అందించింది. అన్న కత్తి తీసుకుని కోశాడు, తెచ్చి సారు మీద కప్పాడు. అంచు కట్టని గుడ్డ. పాడె లేపినప్పుడు ఒక పక్కన నేయకుండా మిగిలిన పడుగు పోగులు వందల కొద్దీ వేలాడాయి. మా వాడ దాటి మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మనుషులు కనబడకుండా పోయారు. గాలికి లేస్తూ పడుతూ ఉన్న ఆ తెల్లటి పోగులు మాత్రం ఇంకా కాసేపు కనబడ్డాయి.