టీచరమ్మ వేసిన అయొడిన్ చుక్క

టెక్కలిలో మా పక్కింటి టీచరమ్మ పోయిన మంగళవారం విషజ్వరంతో కన్నుమూశారు. గోడ అవతల దగ్గు ఆగిపోయాకే మాకు తెలిసింది.

కాన్వెంటు చదువు ముగించి ఇంటికొచ్చిన నాకు, సిస్టర్లు రొట్టెల పిండిలో కలిపే ఈస్టు ఒక పొడి అని మాత్రమే తెలుసు. దానికి ప్రాణముందని చూపించినది ఆవిడే. ఒక ఆదివారం బడి నుంచి మైక్రోస్కోపు అడిగి తెచ్చారు. భావనపాడు దారిలో తాటిచెట్లు గీసేవాళ్ల ఇంటినుంచి సీసాలో, ఈస్టు పేరుకున్న కల్లు మడ్డి తెప్పించారు.

టీచరమ్మ అత్తగారికి వాసన తగిలింది.

“ఏటే, సంసారుల కొంపలోకి కల్లు తెచ్చీసేవా?”

“తాగడానికి కాదత్తా, సూడ్డానికి.”

“కల్లు సూసుకుంటారేటే ఎక్కడైనా?”

“ముక్కు మూసుకుని మీరూ ఓసారి సూడండి.”

అత్తగారు నిజంగానే ముక్కు మూసుకుని చూశారు. “సగ్గుబియ్యంలాగున్నాయి,” అన్నారు. అయినా సాయంత్రానికి, కోడలు కల్లు తాగుతోందని వీధంతా పాకింది. ఆ వేసవి తర్వాత టీచరమ్మ బడికి వెళ్లలేదు. వాళ్లాయన వద్దన్నారు.

ఆ ఆదివారం ఆవిడ ఒక చుక్క టింక్చర్ అయొడిన్ వేస్తే కణాల లోపల ఎర్రటి గోధుమరంగు తేలింది. అదే వాటి నిల్వ. పంచదార ఉండి, పెరగడానికి కావలసిన తక్కిన ఆహారం తగ్గినప్పుడు, కణం ఆ పంచదారను మార్చి లోపల దాస్తుందట. బయట ఏమీ దొరకనప్పుడు దాన్నే కొద్దికొద్దిగా కరిగించుకుని బతుకుతుందట.

“ఎప్పుడు దాయాలో, ఎప్పుడు తియ్యాలో దానికెలా తెలుస్తుందండీ?” అని గొణిగాను.

“పూర్తిగా ఇంకా ఎవరికీ తెలీదే. నువ్వెళ్లి తేల్చి నాకు సెప్పు.”

అంత నమ్మకం అంతవరకు నామీద ఎవరూ ఉంచలేదు.

బడి మానేశాక పెరట్లో ముగ్గుపిండితో కణాలు గీసి, లోపల ఇటుకపొడి నింపి పాఠం చెప్పేవారు. తల్లికణం పక్కన పిల్లకణం మొలిచే ఆ ముగ్గు బాగుందని వెనకింటివాళ్లు తమ వాకిట్లోనూ వేసుకున్నారు. ఆవిడ కొంగు అడ్డుపెట్టుకుని నవ్వారు.

నన్ను విశాఖలో కాలేజీకి పంపమని నాన్నను అడిగిందీ ఆవిడే. తోడు లేకుండా పంపనన్నారు నాన్న.

“మా తమ్ముడింట్లో ఉంటాది అన్నయ్యగారూ. జూన్‌లో నేనే తీసుకెళ్తాను.”

గుమ్మం దాటాక నాతో మెల్లగా అన్నారు: “రైలెక్కి ఎన్నాళ్లయిందో. నాకూ కాస్త గాలి తగుల్తాది.”

నిన్న నోరు పెగల్చుకుని నాన్నను నేనే అడిగాను. “తోడెవరొస్తారమ్మా?” అన్నారు, కోపం లేకుండానే.

కాలేజీకని కొన్న రేకుపెట్టెలో ఈ ఉదయం అమ్మ పాత బొంతలు కుక్కింది. మూత పడలేదు.

“కాస్త దానిమీద కూసో,” అంది.

కూర్చున్నాను. గొళ్లెం పడింది.