చంద్రుడు పడే సాఫ్ట్‌వేర్

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. మా ఆవిడ నా మాట ఏదైనా నాలుగుతో భాగించి వింటుంది. మీరు కొత్తవాళ్లు కాబట్టి రెండుతో మొదలుపెట్టండి.

నారాయణఖేడ్‌లో ఒక సర్కారు బడిలో నేను భౌతికశాస్త్రం చెబుతాను. అంటే శాస్త్రం దాని దారిన అది ఉంటుంది, నేను చెబుతూ ఉంటాను. కిందటేడు సైన్స్ ప్రదర్శనలో, నాగల్‌గిద్ద వైపు నుంచి వచ్చే మా తొమ్మిదో తరగతి అమ్మాయి తాడుకు రాయి కట్టి గిరగిరా తిప్పింది. భూమి చుట్టూ చంద్రుడు ఇలాగే తిరుగుతాడని చెప్పింది. నేను నేర్పిందే. జడ్జి కళ్లద్దాలు సవరించుకుని, "మరి చంద్రునికి తాడేదమ్మా?" అన్నాడు. అమ్మాయి నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. ఆ ఫ్యాను గురించి నాకు తెలిసినంత దాన్ని చేసినవాడికి కూడా తెలియదు, అంతసేపు చూశాను.

ఈ ఏడు ఆమె పదోతరగతి. మా బడి తరఫున నిలబడటానికి ఇదే ఆఖరిసారి.

"సార్, ఈసారి తాడు వద్దు. కంప్యూటర్ల చూపిద్దం," అంది. గొంతులో మర్యాద నిండుగా ఉంది. నమ్మకం మాత్రం లేదు.

బస్టాండు దగ్గర కంప్యూటర్ దుకాణం భాయ్ దగ్గరికి వెళ్లాను.

"భాయ్, గ్రహాలు తిరిగే సాఫ్ట్‌వేర్ కావాలె. కక్ష్య మంచిగ కనబడాలె."

"కక్షనా? ఎవరికి ఎవరి మీద సార్?"

"చంద్రునిది భాయ్. భూమి చుట్టు."

"అరె, గంతేనా! పరేషాన్ కాకుండ్రి, మస్తు నడుస్తున్న మాల్ ఉన్నది," అని పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు.

బడికి తెచ్చి తెరిస్తే అది మొట్టమొదట పుట్టిన తేదీ, ఊరు, ఘడియ అడిగింది. జాతకాల సాఫ్ట్‌వేర్. చంద్రుడు పుట్టిన ఘడియ మా ఇద్దరికీ తెలియదు కాబట్టి అమ్మాయి తనదే కొట్టింది.

"సార్, నాకు శత్రుపీడ ఉన్నదట. ఒకాయన చదువుకు అడ్డం పడతడట."

"ఎవరంట బిడ్డా?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను మళ్లీ ఫ్యాను వైపు చూశాను.

రెండోది నేనే ఇంటర్నెట్‌లో వెతికి దింపాను. ఉచితం. శనిగ్రహానికి మెరిసే వలయాలు, వెనక సన్నగా సంగీతం. మా బడి కంప్యూటర్ సంగతి చెప్పాలి. స్విచ్ వేసి, బోరంచ పోయి నల్లపోచమ్మకు మొక్కి, పులిహోర తిని తిరిగొస్తే అప్పటికి తెర వెలుగుతుంది. ఇది ఎక్కించగానే దాని లోపలి ఫ్యాను చేసిన రొదకు కంగ్టి బస్సు వచ్చిందనుకుని పిల్లలు సంచులు సర్దుకున్నారు. చివరికి చంద్రుడు తిరిగాడు. నేను చప్పట్లు కొట్టాను.

"మంచిగున్నది సార్, సినిమా లెక్క," అంది అమ్మాయి. "కానీ తాడు యాడుందో ఇది గూడ చెప్తలేదు."

మూడోది కూడా ఇంటర్నెట్‌లో దొరికిందే, చూడటానికి దరిద్రం. నల్లటి తెర మీద రెండు చుక్కలు. పెద్దది భూమి, చిన్నది చంద్రుడు. పక్కన వేగం అంకె వేసే చిన్న గడి. అంతే. అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. చంద్రుడు ఎందుకు పడడో చెప్పాలంటే, ముందు పడగలిగే చంద్రుడు కావాలి! గడిలో సున్నా వేయగానే చిన్న చుక్క తిన్నగా వచ్చి పెద్ద చుక్కను గుద్దుకుంది. అంకె బాగా పెంచితే బీదర్ దాటి తెర బయటికి వెళ్లిపోయింది. మధ్యలో సరైన అంకె దొరికితే చుట్టూ తిరిగింది. అంత గొప్ప ఎంపిక చేసినందుకు నా వీపు నేనే తట్టుకున్నాను.

ప్రదర్శనలో మళ్లీ అదే జడ్జి, అవే కళ్లద్దాలు. మరిచిపోలేదు మహానుభావుడు.

"ఏమ్మా, తాడు దొరికిందా?"

"తాడు లేదు సార్. చంద్రుడు పడుతనే ఉన్నడు," అంది అమ్మాయి. "కానీ పక్కకు గూడ ఉరుకుతుండు. ఎంత పడితే అంత భూమి గుండ్రంగ వంగిపోతున్నది, అందుకే తగుల్తలేడు. ఉరుకుడు బంద్ చేస్తే ఏమైతదో చూడుండ్రి." సున్నా వేసింది. చంద్రుడు దబ్బున పడ్డాడు. జడ్జి ఉలిక్కిపడి నెత్తి మీద ఫైలు అడ్డం పెట్టుకున్నాడు.

జిల్లాకు ఎంపిక చేశారు. అంతసేపూ ఆమె నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను అలవాటు కొద్దీ ఫ్యాను వైపు చూస్తూనే ఉన్నాను.

భాగించుకుంటూ వచ్చినవారికి ఇప్పుడు లెక్క చెప్పాలి. జడ్జి ఫైలు అడ్డం పెట్టుకోలేదు, అడుగు వెనక్కి వేశాడంతే. పులిహోర తినేంత ఆలస్యం లేదు, బోరంచ దాకా పోయి రావచ్చు. ఇవి పెంచినవి. పూర్తిగా కల్పించింది ఒక్కటే, నా బుర్రలో మెరిసిన ఆ మెరుపు. నేను చివరిదాకా శనిగ్రహం వలయాల పక్షమే. ఆ చుక్కలదాన్ని తీసేయమని మౌస్ కూడా పట్టుకున్నాను.

"ఉండనియ్యుండ్రి సార్," అని నా చేయి ఆపింది ఆ అమ్మాయి. "దీంట్ల చంద్రుడు పడుతుండు."