కిరసనాయిలు ఫ్యానూ, నా నూనె డబ్బా

గనులు జోరు మీదున్న ఆ రోజుల్లో నేను ఇనుప ఖనిజం లారీలు బాగుచేసే షెడ్డులో మెకానిక్కుని. తెల్ల చొక్కా వేసుకుని బయల్దేరితే ఊళ్ళోని బ్రూస్‌పేట చేరేసరికి గని దుమ్ముకు అది ఎర్రచొక్కా అయ్యేది. అప్పటికి మూడు సంబంధాలు తప్పిపోయాయి. నాలుగోదీ తప్పితే ఇక వెతకనని తెగేసి చెప్పి, మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ పేటలోనే ఒకింటికి పెళ్ళిచూపులకు వచ్చింది.

పిల్లను తెచ్చి మా ఎదురుగా కూర్చోబెట్టగానే కరెంటు పోయింది. పిల్ల తండ్రి మూలనున్న ఇత్తడి వస్తువొకటి ముందుకు జరిపి, అడుగునున్న కిరసనాయిలు దీపం వెలిగించాడు. దీపం మీద నిలువుగా గొట్టం, పైన ఫ్యాను రెక్కలు.

"మా తాతకు చర్చి మిషన్ దొర ఇచ్చిపోయిండేది. ఏమప్పా, మెకానిక్ అంటివే, ఇది దేంతో తిరుగుతాదో చెప్పు సూద్దాం."

చుట్టూ తిరిగి చూశాను. డీజిల్ పోసే మూత లేదు, ప్లగ్గు లేదు, పొగగొట్టం లేదు.

"ఎతకొద్దులేప్పా. లోపలుండేది ఒట్టి గాలే!"

గొట్టంలోని గాలి కింద వేడెక్కి, ఉబ్బి, పిస్టన్‌ను తోస్తుందట. లోపల వదులుగా ఆడే ముక్కొకటి ఆ గాలిని చల్లటి వైపుకు నెడుతుందట. అక్కడది ముడుచుకోగానే పిస్టన్ వెనక్కి వస్తుంది. మళ్ళీ అదే గాలి వేడి వైపుకు. గాలి మాటలతో నెట్టుకొస్తున్న నేను, ఒట్టి గాలితో బతికే ఇంజనును వంగి ఇంకోసారి చూశాను.

కాసేపటికి గొట్టం వేడెక్కాక ఆయన రెక్కను చేత్తో ఒక తిప్పు తిప్పాడు. కీచుమంటూ తిరిగింది.

ఊరుకుంటే పోయేది. తెలియని చోట నూనె పొయ్యి అన్నది మా షెడ్డు సూత్రం. బండి డిక్కీలోంచి డబ్బా తెచ్చి, లారీ గేరుపెట్టెకు పోసినంత ధారాళంగా పిస్టన్ మీద పోశాను.

అంతలో వాళ్ళ చర్చి సంఘ పెద్ద వచ్చి ప్రార్థన అందుకున్నాడు. తలలు వంచి కళ్ళు మూసుకున్నాం. ఆయన ఆదాము దగ్గర మొదలుపెట్టాడు. అబ్రాహాము దాకా వచ్చేసరికి ఫ్యాను నెమ్మదించింది. ఇస్సాకు పెళ్ళి దగ్గర పూర్తిగా ఆగిపోయింది.

ఈ సంబంధమూ పోయిందనుకుని ఒక కన్ను తెరిచాను. ఎదురుగా పెళ్ళికూతురూ ఒక కన్ను తెరిచే ఉంది! పిస్టన్ వంక చూపించి, కొంగుతో తుడుస్తున్నట్టు సైగ చేసింది. నిజమే, అంత చిక్కటి నూనెను ఈడ్చే బలం ఆ కాస్త గాలికెక్కడిది? మోకాళ్ళ మీద పాకి, కొత్త చేతిరుమాలుతో తుడిచాను. వేలు కాల్చుకుని కేక మింగాను. ఆమె ఇక తిప్పమన్నట్టు తన వేలు గాలిలో గుండ్రంగా ఆడించింది. రెక్కను తోశాను. ఆమేన్ అనేసరికి గాలి వీస్తోంది.

"సూస్తిరా, ప్రార్థన బలం!" అన్నాడు సంఘ పెద్ద.

పిల్ల అభిప్రాయం అడగడానికి తండ్రి ఆమెను లోపలికి తీసుకెళ్ళాడు. ఆమె గొంతు గోడ దాటి మా అందరికీ వినబడింది.

"ముందొచ్చినోళ్ళకు తెలీకున్నా చెప్తే ఇనల్యా నాయనా. ఈయప్ప ఇంటాడు. సరే అను. ఫ్యాను నాతోనే వస్తాది. ఆ నూనె డబ్బా మాత్రం షెడ్డు దాటి ఇంటికి రాకూడదని చెప్పు."

మా అమ్మ కళ్ళు మూసుకుని ఇంకోసారి ఆమేన్ అంది.