జల్లెడమ్మ ఎర్ర నూకలు

కోళ్ల ఫారంలో ఆమెను అందరూ జల్లెడమ్మ అనేవారు. మొక్కజొన్న కానీ, సోయా చెక్క కానీ, తవుడు కానీ, దాణా గదికి వచ్చిన సరుకును ఒకసారి జల్లించందే ఆమె మిక్సర్ దగ్గరికి పోనిచ్చేది కాదు. పదకొండేళ్ల కిందట గుడ్లు ఏరే పనికి చేరింది. చేరిన నెలలోనే ఒకరోజు దాణా కలిపే మనిషి రాకపోతే ఆమెను లోపలికి పంపారు. సాయంత్రానికల్లా సరుకులోంచి గుప్పెడు మేకులు, ఒక పాత తాళంచెవి, ఎవరిదో పళ్లూడిన దువ్వెన ఏరి యజమాని బల్ల మీద పెట్టింది. మర్నాటి నుంచి దాణా గది ఆమెదే అయింది.

పెద్ద గదేం కాదది. ఒక మూల నిలువెత్తు మిక్సర్, పక్కన కాటా, గోడ పొడుగునా బస్తాలు. ఎంత తుడిచినా కిటికీ చువ్వల మీద పచ్చటి మొక్కజొన్న ధూళి. పొద్దుగూకేసరికి ఆమె కనుబొమలు కూడా అదే రంగుకు తిరిగేవి. ఆమె కలిపిన దాణాను రెండో షెడ్డులో కోళ్లకు వేసేది ఆమె భర్తే. ఇంట్లో మాటా మాటా వచ్చిన రోజు, "ఇవాళ దాణాలో ఉప్పెక్కువైంది" అని వంక పెట్టేవాడు.

"అయితే నువ్వు తినకు, కోళ్లకే పెట్టు" అనేది ఆమె.

ఆ ఏడు వానలు మొదలయ్యాక రెండో షెడ్డు కోళ్లకు రెట్టలు పలచబడ్డాయి. కింద పరిచిన రంపపు పొట్టు తడిసి ముద్దయ్యేది. గుడ్ల నిండా మరకలు. మందు వేస్తే తగ్గడం, ఆపితే మళ్లీ మొదలవడం. చివరికి ఫారానికి వచ్చే పశువుల డాక్టరమ్మ ఒక సంచిలో లేత గోధుమరంగు పొడి తెచ్చింది.

"ఇది ఈస్ట్ పొడి అక్కా. బతికున్న ఈస్ట్ కాదు, దాని పైగోడను మాత్రం తీసి పొడి చేస్తారు. చెడ్డ క్రిములు కోడి పేగుకి అతుక్కోవాలని చూస్తాయి కదా, ఇది ఎదురైతే దీన్నే పేగనుకుని పట్టుకుంటాయి. పట్టుకున్నవి పట్టుకున్నట్టే రెట్టలో బయటికి పోతాయి. మంచి క్రిములకేమో ఇదే తిండి. ప్రీబయోటిక్ అంటారు."

"అంటే చెడ్డవాటికి టోపీ, మంచివాటికి భోజనం అన్నమాట" అంది జల్లెడమ్మ.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "సరిగ్గా అంతే! అర టన్ను దాణాకి అరకిలో. బాగా కలపండి చాలు."

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే, బేకరీలో పనిచేసే ఆడపడుచు కళ్లు పెద్దవి చేసింది. "మా ఈస్టేనా వదినా? జాగ్రత్త! కోళ్లు పొంగి షెడ్డు పైకప్పు లేచిపోగలదు."

కోళ్లు పొంగలేదు. అయిదు వారాల తర్వాత ఒక వింత మాత్రం కనిపించింది. షెడ్డు ఇనుప జాలీతో అయిదు గదులుగా విడదీసి ఉంటుంది. తలుపు దగ్గరి రెండు గదుల్లో పొట్టు పొడిపొడిగా ఉంది, గుడ్లు కడిగినట్టున్నాయి. ఆ చివర గదుల్లో మాత్రం ఎప్పటి బురదే. మొదట గమనించింది ఆమె భర్తే. యజమాని వచ్చి చూసి పెదవి విరిచాడు.

"సగం కోళ్లకి పనిచేసి సగం కోళ్లకి పనిచేయనిది అదేం మందమ్మా? ఆపేయండి."

ఆ సగం అనే మాట జల్లెడమ్మను పట్టుకుని వదల్లేదు. కోళ్లన్నీ ఒకే ఈడువి, తాగే నీళ్లూ ఒకటే. మరి తేడా ఎక్కడ? మిక్సర్ నుంచి దిగిన వరసలోనే భర్త బస్తాలు మోసుకెళ్తాడు. మొదటి బస్తాలు తలుపు దగ్గరి గదులకు, ఆఖరివి ఆఖరి గదులకు. మిక్సర్లోకి సరుకు పోసేదీ అడుగునే, దింపేదీ అడుగునే; ఆఖర్న పోసింది ముందు దిగుతుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఆ పొడి ముక్కుకు తగిలితే తుమ్ములొస్తాయని తాను దాన్ని అన్నిటికన్నా ఆఖర్న కుమ్మరించి, రెండు నిమిషాలు తిప్పి, మిక్సర్ కట్టేస్తోందని.

ఆ పూట అన్నం సహించలేదామెకు. ఏమైందని ఆడపడుచు గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

"చారెడు ఈస్ట్‌ని తీసుకెళ్లి బస్తాడు పిండిలో పడేస్తామా వదినా? ముందు గిన్నెడు పిండిలో కలుపుతాం. దాన్ని బేసిన్‌లో కలుపుతాం. ఆ తర్వాతే యంత్రంలోకి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమే?"

"నువ్వడిగితేగా!"

అనుమానం ఒక్కటే ఉంటే చాలదు, కళ్లతో చూడాలి. ఆడపడుచు చేత కేకుల్లో వేసే ఎర్ర రంగు తెప్పించింది. అరకిలో మొక్కజొన్న నూకలకు పట్టించి డాబా మీద ఆరబెట్టింది. తినే రంగే కాబట్టి కోళ్లకు భయం లేదు. మర్నాడు రెండో షెడ్డు దాణా కలిపేటప్పుడు, పొడి వేసినట్టే ఆ నూకలను ఆఖర్న వేసి రెండే నిమిషాలు తిప్పింది. దిగిన పది బస్తాల్లోంచీ ఒక్కో గ్లాసెడు తీసి, కాగితం మీద పరిచి ఎర్ర గింజలు లెక్కపెట్టి, అంకెలు ఇంకో కాగితం మీద రాసుకుంది. మొదటి బస్తాలో అరవై రెండు. ఏడో బస్తాలో నాలుగు. ఆఖరి రెండింటిలో ఒక్కటంటే ఒక్కటి లేదు. తెల్లవారాక యజమానికి చెబుదామనుకుని ఇంటికి వెళ్లింది.

పొద్దున ఆమె వచ్చేసరికి ఫారం గేటు మూసేసి ఉంది. లోపల యజమాని ఫోను పట్టుకుని అటూ ఇటూ పరుగులు పెడుతున్నాడు. రెండో షెడ్డులో నెత్తురు రెట్టలట! ఎవరూ లోపలికి వెళ్లకూడదు, ఎవరూ బయటికి రాకూడదు. ఎర్ర నూకల సంగతేమీ ఎరగక షెడ్డులో చిక్కుకుపోయిన ఆమె భర్త ముఖానికి గుడ్డ కట్టుకుని కిటికీలోంచి దీనంగా చూస్తున్నాడు.

జల్లెడమ్మకు సంగతి అర్థమైంది. గేటు చువ్వలు పట్టుకుని పిలిచింది. "అయ్యా, అది నెత్తురు కాదండీ. కేకు!"

"ఏంటీ?"

"కేకుల్లో వేసే రంగండీ. నేనే వేశాను."

యజమాని ముఖం ఆ రంగుకే తిరిగింది. ఆయన నోరు తెరిచేలోపు డాక్టరమ్మ స్కూటరు దిగి షెడ్డులోకి పరిగెత్తింది. ఒక రెట్టను పుల్లతో విప్పి నీళ్లతో కడిగితే ఎర్ర నూక ముక్క బయటపడింది. విషయం విని కడుపు పట్టుకుని నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆపేసి, వంగి చూసుకుంటూ ఆ చివరిదాకా నడిచి వెళ్లి, తిరిగొచ్చింది.

"సార్, ఒకసారి ఇటు రండి. మొదటి రెండు గదుల్లోనే ఎరుపు. మూడు, నాలుగు గదుల్లో అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. ఆ చివర అసలు లేదు. ఈ ఎరుపు ఎక్కడుందో మన పొడి అక్కడే పనిచేసింది."

"తప్పు పొడిది కాదండీ, నాది" అని జల్లెడమ్మ లోపలికి వచ్చి ఆ లెక్కల కాగితం యజమాని చేతికిచ్చింది. యజమాని ఆ అంకెలను చాలాసేపు చూశాడు.

"మరి విటమిన్లు? అవి కూడా ఇలాగే కలిపావా?"

అబద్ధం చెప్పాలనే అనిపించింది. "అవీ ఇలాగేనండీ" అంది తల వంచుకుని.

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని బస్తా మీద కూలబడ్డాడు. కాసేపటికి, "సరే, ఇప్పుడెలా కలుపుదామంటావు?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఆమెను సలహా అడగడం అదే మొదలు.

ముందు అయిదు కిలోల తవుడులో, తర్వాత పాతిక కిలోల నూకలో, ఆ తర్వాతే మిక్సర్లో, అదీ సగం సరుకు పడ్డాక. నిమిషాల సంగతి నూకలే తేల్చాయి. అయిదుకు చాలలేదు, ఎనిమిదికి చాలలేదు, పన్నెండుకు పది బస్తాల్లోనూ గింజలు దాదాపు సమంగా వచ్చాయి. పొడి మళ్లీ మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి మూడు, నాలుగు గదుల్లో పొట్టు ఆరింది. అయిదో గది మాత్రం మొండికేసింది. చూస్తే పైన నీళ్ల గొట్టం కారుతోంది. దాన్ని ఆమె భర్త బిగించాడు. ఆ ఘనత కూడా పొడి ఖాతాలోకే పోయిందని ఆయన ఇప్పటికీ అలుగుతాడు.

డాక్టరమ్మ ఊరుకోలేదు. చుట్టుపక్కల ఫారాల్లో దాణా కలిపేవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, జల్లెడమ్మను ముందు నిలబెట్టింది. ఆమె ముందు చెంగు సర్దుకుంది. రెండు గుక్కలు మంచినీళ్లు తాగింది.

"కలిపాను కాబట్టి కలిసిందనుకున్నాను. పదకొండేళ్లు చూసుకోలేదు. మీరు చూసుకోండి" అంది.

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. "మరి మేం ఎన్ని నిమిషాలు తిప్పాలమ్మా?"

"మీ మిక్సర్ నేను చూళ్లేదు కదండీ, ఎలా చెప్తాను? పదండి, చూద్దాం."

ఆయన వచ్చిన దాణా లారీ బయటే ఉంది. జల్లెడమ్మ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. ఆమె లారీ ముందు సీటు ఎక్కడం అదే మొదటిసారి. అంత ఎత్తు నుంచి రోడ్డు చాలా దూరం కనిపించింది.