పక్కగదికి వినపడని హోటల్

హాంబుర్గ్‌లో రెండు రాత్రులు ఉండటానికి హోటల్ వెతుకుతూ నేను మూడు వారాలు గడిపాను. ఇల్లు కొనుక్కునేవాళ్ళు కూడా ఇన్ని చూడరని మా ఆవిడ అంది. నిజమే. ఫోన్‌లో ముప్పై హోటళ్ళు గుర్తుపెట్టుకోవడం, పొద్దున బస్సులో వాటిలో ఇరవై తీసేయడం, మధ్యాహ్నం క్యాంటీన్‌లో మళ్ళీ అవే చేర్చుకోవడం. మీటింగులో ఎవరో ఏదో అడుగుతుంటే నేను బల్ల కింద ఫోన్ పెట్టుకుని హోటల్ గదుల ఫొటోలు పెద్దవి చేసి గోడలు చూసేవాణ్ణి. ఎవరైనా మంచం చూస్తారు, స్నానాల గది చూస్తారు. నేను గోడలు ఎందుకు చూస్తున్నానో ఎవరికీ చెప్పలేదు.

మేం పాడర్‌బోర్న్‌లో ఒక అద్దె ఫ్లాట్‌లో ఉంటాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ళ పాప. ఆ వేసవిలో అమ్మ విజయవాడ నుంచి మూడు నెలల వీసా మీద వచ్చింది. తిరుగు ప్రయాణానికి ఇంకా నెల ఉందనగా, వెళ్ళేలోపు ఒక్క పెద్ద ఊరైనా చూపించకపోతే బాగోదని మా ఆవిడ పట్టుబట్టింది. పారిస్ అనుకున్నాం, ప్రాగ్ అనుకున్నాం. అమ్మ మోకాళ్ళకి అన్ని రైళ్ళు మారడం కష్టమని, పాపకి పెద్ద ఓడలు చూడాలనుందని చివరికి హాంబుర్గ్ దగ్గర ఆగాం.

అమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేలా మాట్లాడటం ఆవిడ అలవాటు. ప్రార్థన కూడా అంతే. నాలుగున్నరకి లేచి, తలమీద కొంగు కప్పుకుని, మోకాళ్ళూని, నోరారా చేస్తుంది. మధ్యలో ఏడుస్తుంది. నా చిన్నప్పుడు మాది రెండు గదుల క్వార్టర్సు. రోజూ ఆ గొంతుకే మాకు మెలకువ వచ్చేది. "ప్రభువా, నా కొడుకు నిన్న ట్యూషన్ ఎగ్గొట్టి క్రికెట్టుకి పోయాడయ్యా, వాడికి మంచి బుద్ధి దయచెయ్యి" అని, దుప్పట్లో ఉన్న నాకు స్పష్టంగా వినపడేలా దేవుడికి చెప్పేది. నాతో మాత్రం ఒక్క మాట అనేది కాదు. పదో తరగతి లెక్కల పరీక్షకి నేను వణికిపోతున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆవిడ దేవుడికి చెబుతుంటే విన్నాను. మా ఇంట్లో తిట్లూ, క్షమాపణలూ, ముద్దూ మురిపెం అన్నీ ఆ ప్రార్థనలోనే జరిగిపోయేవి. ఎదురెదురుగా కూర్చుని అలాంటి మాటలు చెప్పుకోవడం మాకు ఇప్పటికీ రాదు.

పాడర్‌బోర్న్ వచ్చాక కూడా ఆవిడ మానలేదు. ఇక్కడేమో పొద్దున ఆరయ్యేదాకా రూహెత్సైట్, అంటే చప్పుడు చేయకూడని వేళ. రెండో వారంలో కింది ఇంటావిడ పోస్టుబాక్సులో ఒక చీటీ వేసింది. ఒంటరిగా ఉండే పెద్దావిడ, చక్కటి చేతిరాత. తెల్లవారుజామున మీ ఇంట్లో ఎవరో పెద్దగా ఏడుస్తున్నారు, నాకు నిద్ర ఉండటం లేదు, అందరూ క్షేమమేనా, ఏమైనా సాయం కావాలా అని రాసింది. మా ఆవిడ బెదిరిపోయింది. "పాపని ఏడిపిస్తున్నామని అనుకుంటే? ఎక్కడైనా చెప్తే ఏంటి మన పరిస్థితి?" అంది.

ఆ రోజు నేను ఆఫీసులో మాటలు పడి వచ్చాను. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. అమ్మ వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. చీటీ ఆవిడ ముందు పెట్టాను.

"కంప్లైంట్ వచ్చిందమ్మా. కాస్త మెల్లగా చేసుకోకూడదా? దేవుడికేమన్నా చెవుడా?"

అమ్మ చెయ్యి ఆగలేదు. "సరేరా" అంది.

సాయం కావాలా అని రాసిన ముక్క నేను అమ్మకి చెప్పలేదు. కోపంలో గుర్తురాలేదు, తర్వాత చెప్పడానికి సిగ్గేసింది.

మర్నాడు తెల్లవారుజామున ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. ఆ చప్పుడు లేకపోవడానికే నాకు మెలకువ వచ్చేసింది. మంచినీళ్ళకని వంటింటి దాకా వెళ్ళాను. అమ్మ కుర్చీకి ఆనుకుని మోకాళ్ళ మీద ఉంది. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి నోటికి గట్టిగా అదిమి పట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. నేను నీళ్ళు తాగకుండానే వెనక్కి వచ్చేశాను. ఆ తర్వాత ఏ రోజూ వంటింటి వైపు వెళ్ళలేదు, ఏ రోజూ ఆ వేళకి నిద్రపోలేదు.

నాకు కాలు నిలవకపోవడం అప్పుడు మొదలైంది. అమ్మ నాతో మామూలుగానే ఉంది. అన్నం పెడుతుంది, షర్టు గుండీ ఊడితే కుడుతుంది. కానీ నేనన్న మాట ఆవిడకి ఎంత లోతుగా తగిలిందో నాకు తెలియదు. అది దేవుడికి చెప్పే ఉంటుంది. ఏమని చెప్పిందో వినే దారి నేనే మూసేశాను. ఇలా వారాలు గడిచి, ఇంకో నెలలో విమానం ఎక్కుతుందనే రోజులొచ్చాయి. ఆ తువ్వాలు అలాగే ఉండగా వెళ్ళిపోతుందేమోనని నా భయం.

అందుకని హాంబుర్గ్ మాట రాగానే నాకొక ఆలోచన తట్టింది. రెండు పొద్దులైనా సరే, అమ్మ గొంతెత్తి ప్రార్థన చేసుకునే గది దొరకాలి.

హోటల్ వెతికే సైట్లలో ఫ్యామిలీ ఫ్రెండ్లీ అని ఒక గడి ఉంటుంది. అది నొక్కితే ఊయల, చిన్న కుర్చీ, ఆడుకునే గది వస్తాయి. ప్రార్థన చేసే తల్లికి గడి లేదు. నేను జనం రాసిన అభిప్రాయాలు చదవడం మొదలుపెట్టాను. ఇక్కడివాళ్ళు హోటళ్ళ గురించి రాసేటప్పుడు హెల్‌హోరిష్ అని ఒక మాట వాడతారు. అక్కడ తుమ్మితే ఇక్కడ వినపడేంత పల్చటి గోడలని అర్థం. ఆ మాట ఎక్కడ కనపడినా ఆ హోటల్ కొట్టేశాను. కొట్టేస్తూ పోతే ఊళ్ళో హోటళ్ళే మిగిలేలా లేవు.

"ఈ అపార్ట్‌మెంట్ చూడండి. కిచెన్ ఉంది, అత్తయ్యగారికి ఇంత అన్నం వండొచ్చు. స్టేషన్ దగ్గరే. ఇంకేం కావాలి?" అంది మా ఆవిడ.

"పాత బిల్డింగ్. చెక్క నేల."

"చెక్కయితే మనకేంటి? డాన్స్ చేస్తామా?"

"వద్దులే."

"నది పక్కది వద్దన్నారు, బ్రేక్‌ఫాస్ట్ ఉన్నది వద్దన్నారు. అసలు మీకేం కావాలో అది చెప్పి పుణ్యం కట్టుకోండి."

నేను చెప్పలేదు. చెబితే, అమ్మని ఆ మాట ఎందుకన్నావనే దగ్గరికి వస్తుంది. పాప మాత్రం "ఇష్ విల్ హోఖ్‌బెట్" అని జర్మన్‌లో పాట అందుకుంది. దానికి మంచం మీద మంచం ఉంటే చాలు, ఏ ఊరైనా ఒకటే. అమ్మ సోఫాలోంచి, "నాకోసం ఏం చూడకండమ్మా, ఎక్కడో చోట ఒరుగుతాను" అంది. ఆ మాటకి నాకు ఇంకా చిరాకేసింది. ఆవిడ మీద కాదు.

చివరికి రైలు పట్టాల పక్కనే ఉన్న ఒక హోటల్ దొరికింది. రైళ్ళు కనపడతాయి గానీ వినపడవు అని ఎవరో రాశారు. ఒక పెద్ద గది, అందులో మంచం మీద మంచం కూడా ఉంది. దానికి కలిపి ఒక చిన్న గది, మధ్యలో తలుపు. ఫొటోల మీద నమ్మకం లేక ఫోన్ చేశాను. రిసెప్షన్‌లో ఒకమ్మాయి ఎత్తింది. నాకొచ్చిన జర్మన్‌లో, పక్కగదిలో మాట్లాడితే ఇవతలికి వినపడుతుందా అని అడిగాను.

"వినపడదు."

"గట్టిగా మాట్లాడితే?"

"కుక్కని తెస్తున్నారా?"

"లేదు. మా అమ్మని."

ఆ అమ్మాయి చాలా మర్యాదగా, రెండు గదుల మధ్య ఉన్నది ఒక తలుపు కాదు రెండని, ఏ గదివాళ్ళ తలుపు వాళ్ళే వేసుకోవచ్చని, రెండూ వేస్తే పెళ్ళివాళ్ళు దిగినా పక్కవాళ్ళకి తెలియదని చెప్పింది. అక్కడికక్కడే బుక్ చేశాను. మూడు వారాల తర్వాత ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

హానోవర్‌లో రైలు మారి మధ్యాహ్నానికి హాంబుర్గ్ చేరాం. పాప బూట్లు కూడా విప్పకుండా పైమంచం ఎక్కేసింది. నేను అమ్మని పక్కగదిలోకి తీసుకెళ్ళాను.

"ఇదంతా నాకొక్కదానికే ఎందుకురా? పాప పక్కన ఓ దుప్పటి పరిస్తే సరిపోదా?"

"ఇక్కడ నువ్వెంత గట్టిగా ప్రార్థన చేసుకున్నా ఎవ్వరికీ వినపడదమ్మా. కనుక్కునే తీసుకున్నా. ఈ తలుపేసుకో, అంతే."

అమ్మ గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది. "ఎవ్వరికీ వినపడదా?"

"ఎవ్వరికీ."

"సరేరా" అంది.

బఠాణీలు ఒలుస్తూ అన్న సరేరా లాగే ఉంది అది. నేను ఆవిడ ముఖంలో సంతోషం కోసం వెతుకుతుండగా ఆవిడ వంగి సంచిలోంచి తువ్వాలు తీసి కుర్చీ మీద ఆరేసింది. ఇవతలికి వచ్చేసరికి మా ఆవిడ నా వైపే చూస్తోంది. అంతా విన్నట్టుంది. "ఇదా సంగతి. ముందే చెప్తే నేనూ వెతికేదాన్ని కదా" అని, మళ్ళీ, "విడిగా గదిచ్చారు సరే, ఆవిడకి ఎలా ఉంటుందో అడిగారా?" అంది. అడగలేదు.

ఆ సాయంత్రం రేవులో పడవెక్కాం. పాప ప్రతి ఓడకీ చెయ్యి ఊపింది. ఒడ్డున బెంచీ మీద కూర్చుని, ఇంటినుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. అమ్మ ఓడల కన్నా వాటిమీద పనిచేసేవాళ్ళని ఎక్కువ చూసింది, ఇంటికెప్పుడు వెళ్తారో పాపం అంది. నేను అన్నిటికీ తలూపుతున్నాను గానీ నా మనసంతా పొద్దున్న మీదే ఉంది.

వేసవిలో ఇక్కడ నాలుగున్నరకే వెలుతురు వచ్చేస్తుంది. అలారం అక్కర్లేకుండానే లేచాను. పాప, మా ఆవిడ నిద్రలో ఉన్నారు. కిటికీ అవతల ఒక రైలు వెళ్ళింది, నిజంగానే చప్పుడు రాలేదు. మంచం మీద కూర్చుని చెవులు రిక్కించాను. ఏమీ లేదు. ఇంకా లేవలేదేమో అనుకున్నాను. అమ్మ ఆ వేళకి లేవని రోజు నా ఎరుకలో లేదు. ఐదు నిమిషాలకి లేచి వెళ్ళి మా వైపు తలుపు తీశాను. దానికి జానెడు దూరంలో ఆవిడ వైపు తలుపు. నేను చెప్పినట్టే వేసుకుంది. ఆ గుమ్మంలో నిలబడి చెక్కకి చెవి ఆనించాను.

ఏమీ వినపడలేదు. ఒక్క మాట, ఒక్క ఏడుపు, గాలి కూడా వినపడలేదు.

అప్పుడు అర్థమైంది నాకు. ఎవ్వరికీ వినపడకూడదని మూడు వారాలు గాలించి ఏరుకున్న గోడలివి. ఆ ఎవ్వరిలో నేను కూడా ఉన్నానని తట్టలేదు. ఆవిడ అక్కడ నోరారా నా గురించి చెబుతుందో, మళ్ళీ ఆ తువ్వాలే అడ్డం పెట్టుకుందో, ఇవతల నిలబడితే రెండూ ఒకటే. చిన్నప్పుడు దుప్పట్లో ముడుచుకుని వద్దనుకుంటూ విన్న గొంతు అది. ఇప్పుడు కావాలంటే లేదు. నాకు ఏడుపొచ్చింది, నలభై దాటినవాణ్ణి, హోటల్ తలుపు పట్టుకుని. తలుపు కొడితే ప్రార్థన ఆగిపోతుందని రెండుసార్లు చెయ్యి ఎత్తి దించాను. మూడోసారి కొట్టాను.

గడియ తీసిన చప్పుడైంది. అమ్మ తలమీద కొంగుంది, కళ్ళు తడిగా ఉన్నాయి. తువ్వాలు కుర్చీ మీద ఆరేసినట్టే ఉంది. నన్ను చూడగానే ఆవిడ ముఖంలో కంగారు.

"వినపడిందారా? పక్కవాళ్ళేమన్నా అన్నారా? తగ్గించుకుంటాలే."

"లేదమ్మా" అన్నాను. "వినపడలేదు. అందుకే వచ్చా."

అమ్మ నా ముఖం వైపు కాసేపు చూసింది. వెనక్కి వెళ్ళి మంచం పక్కన మోకాళ్ళూనింది, కొంచెం పక్కకి జరిగింది. నేను వెళ్ళి ఆ ఖాళీలో మోకరించాను. వార్డంతా వినపడే ఆ గొంతుతో ఆవిడ మొదలుపెట్టింది.

"ప్రభువా, నీకు చెవుడా అనడిగాడయ్యా వీడు. ఆఫీసులో ఎవరో ఏదో అన్నారు, ఆ కోపం నామీద చూపించాడు. వాణ్ణి ఏమీ అనకు తండ్రీ. ఆ రోజునుంచీ వాడు సరిగ్గా నిద్రపోవట్లేదు."