షట్టరు దించితే వణికే కోతి

తాయెత్తు కట్టుకోమన్నందుకు అత్తతో వారం రోజులు మాట్లాడని దాన్ని నేను. దయ్యాలన్నా, శకునాలన్నా నాకు నవ్వులాట. అయినా పోయిన ఎండాకాలం జరిగిన సంగతి ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు మనసు నిలవదు.

పుంగనూరులో మాది పిండిమిల్లు. కొన్నేళ్ల కిందట కోతుల బెడద పడలేక, బజారు వాళ్లమంతా కలిసి కోతులు పట్టే మనిషిని పిలిపించాం. మా మిల్లు ముందే బోను పెట్టాడు. చెవి సగం తెగిన ఒక తల్లికోతి వేరుశనక్కాయల కోసం లోపలికి దూరింది.

"పిల్ల కూడా రానీ అమ్మా, ఆడే ఉండాది," అన్నాడతను.

"తల్లి లోపలుంటే అది యాడికి పోతాది? తలుపు ఎయ్యప్పా," అన్నాను. పిండి పట్టించుకునే వాళ్లు నిలబడి ఉన్నారు, నాకు తొందర.

ఇనుప తలుపు దభాలున పడింది. పిల్ల బెదిరి చింతచెట్టెక్కి అరుస్తూనే ఉంది. ఎంత పిలిచినా దిగలేదు. తల్లిని తీసుకుపోయి కుప్పం అవతల అడవిలో వదిలేశారు.

ఆ పిల్లను నేనే అరటిపళ్లు పెట్టి సాకాను. పెద్దదైంది. కుక్కలకు బెదరదు, టపాకాయలకూ బెదరదు. మిల్లు షట్టరు దించితే మాత్రం గడగడా వణికి, తన చెయ్యి తానే కొరుక్కునేది. చప్పుడు తగ్గుతుందని షట్టరుకు గ్రీజు పూశాను. అయినా అంతే. మదనపల్లెలో పశువుల డాక్టరును అడిగితే, పసితనంలో తిన్న దెబ్బ పెద్దయ్యాక ఇలాగే బయటపడుతుందని, మనుషులైనా అంతేనని చెప్పాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మిల్లు ఆగింది. షట్టరు ఎవరూ ముట్టుకోలేదు. గోడ మీద కూర్చున్న కోతి ఉన్నట్టుండి చెయ్యి కొరుక్కుంటూ, తల్లిని తీసుకుపోయిన నాడు అరిచినట్టే అరవడం మొదలుపెట్టింది. పొద్దు వాలేదాకా అరిచి ఊరుకుంది.

మర్నాడు కుప్పం దగ్గరి శాంతిపురం నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. ఆ తల్లికోతి గురించి అంతకుముందే తనకు చాలాసార్లు చెప్పుకుని బాధపడ్డాను.

"అక్కా, మా పక్క మామిడితోపులో బోను పెట్టుండారు. నిన్న మధ్యాన్నం ఒక ముసలికోతి పడింది. తలుపు సప్పుడు ఇనపడినా ఎవురూ పోయి సూళ్ళేదు. పొద్దుగూకేలోగా ఎండకు సచ్చిపోయింది. దాని చెవి సగం తెగి ఉండాది."

ఆనాటి నుంచి షట్టరు ఎంత గట్టిగా దించినా మా కోతి తల కూడా తిప్పదు. భయం పోయింది, మంచిదే కదా అంటారు చూసినవాళ్లు. మంచిదే అని నా నోటితో అనలేకపోతున్నాను.

చెవి తెగిన కోతులు ఎన్ని లేవని మా ఆయన సర్దిచెప్తాడు. ఉండవచ్చు. అంత దూరంలో జరిగింది మా కోతికెలా తెలిసిందో, అసలు తెలిసిందో లేదో నేను చెప్పలేను. తెలియకపోయి ఉంటేనే బాగుండేది. అమ్మ ఎక్కడో ఉందనుకుంటూ, భయపడుతూనైనా బతికేది.